లైను ఎందుకు దొరకదో లెక్కగట్టిన మాస్టారు

మన సిలబస్‌లో ఎర్లాంగ్ అంటే రెండు మార్కులు. ఒక ఫోన్ లైను గంటసేపు ఒక్క క్షణం కూడా ఖాళీ లేకుండా నడిస్తే ఆ రద్దీని ఒక ఎర్లాంగ్ అంటారు. ఆ వాక్యం రాసేస్తాం, మార్కులు పడతాయి, పరీక్ష అయిన సాయంత్రమే మర్చిపోతాం. వోల్టు వెనక వోల్టా, ఓము వెనక ఓమ్ ఉన్నట్టు ఎర్లాంగ్ వెనక కూడా ఒక మనిషి ఉన్నాడు. డెన్మార్క్ పల్లెటూరి బడిపంతులు కొడుకు. తనూ బడిపంతులే. పెళ్లి చేసుకోలేదు, ఎక్కువ మాట్లాడలేదు, ఎక్కువ రాయలేదు కూడా. కానీ మన ఇళ్లల్లో ఇప్పుడు వైఫై మీద నడుస్తున్న ప్రతి ఫోనుకూ ఆయన లెక్కతో పని ఉంది.

ఈ సంచికకు ఆయన గురించే రాయాలనిపించడానికి కారణం సెలవుల్లో విన్న ఒకటే ప్రశ్న. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన మనవాళ్లలో చాలామంది ఇళ్లకు ఇప్పుడు ఫైబర్ వచ్చింది. సెల్ సిగ్నల్ సరిగా అందని ఊళ్లల్లో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీదే ఫోన్ మాట్లాడుకుంటున్నారు. స్పీడ్ టెస్ట్‌లో వంద ఎంబీపీఎస్ చూపిస్తుంది, మాట మాత్రం మధ్యమధ్యలో తెగుతుంది. ఎందుకు అని అందరూ అడుగుతారు. దీనికి జవాబు ఇంటర్నెట్ పుట్టకముందే, 1909లోనే ఉంది.

ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1878 జనవరి 1న డెన్మార్క్‌లోని జట్‌లాండ్ ప్రాంతంలో, లోన్‌బోర్గ్ అనే ఊళ్లో పుట్టాడు. నాన్న హాన్స్ నీల్సెన్ ఎర్లాంగ్ ఆ ఊరి బడిలో పంతులు, చర్చి పనులూ చూసేవాడు. అమ్మ మాగ్డలీన్ క్రారుప్. అన్న ఫ్రెడరిక్, చెల్లెళ్లు మారీ, ఇంగెబోర్గ్. అమ్మ వైపు పూర్వీకుల్లో థామస్ ఫింకే అనే 16వ శతాబ్దపు గణితవేత్త ఉన్నాడు. మనం ఇంటర్‌లో బట్టీపట్టిన టాంజెంట్, సీకెంట్ అనే పేర్లను వాడుకలోకి తెచ్చింది ఆయనే. ఆ లెక్కన మన బాధలకు ఈ కుటుంబం రెండుసార్లు కారణం.

చిన్నప్పటి ఆగ్నర్ గురించి ఒక ముచ్చట ఉంది. సాయంత్రాలు అన్నదమ్ములిద్దరూ ఒకే పుస్తకం ముందు కూర్చునేవాళ్లట. అన్న మామూలుగా చదువుతుంటే, తమ్ముడు ఎదురుగా కూర్చుని అదే పేజీని తలకిందులుగా చదివేవాడు. ఖగోళశాస్త్రం అంటే ప్రాణం. నక్షత్రాల మీద, గ్రహాల మీద పద్యాలు కూడా రాసుకున్నాడు. సాహితీ క్లబ్బులో ఉన్నందుకు ల్యాబ్‌లో మాటలు పడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ప్రాథమిక చదువు నాన్న బడిలోనే. 14 ఏళ్లకు కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయం పెట్టే ప్రవేశ అర్హత పరీక్ష రాశాడు. ఆ వయసుకు రాయనివ్వరు కాబట్టి ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. డిస్టింక్షన్‌తో పాసై తిరిగి ఊరికొచ్చి, రెండేళ్లు నాన్న బడిలోనే పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆ రెండేళ్లలోనే ఫ్రెంచి, లాటిన్ నేర్చుకున్నాడు. పైచదువుకు పైసలు లేవు. కోపెన్‌హేగన్‌లో ఒక దూరపు బంధువుల ఇల్లు తిండికీ ఉండటానికీ దొరికింది. 1896లో స్కాలర్‌షిప్ మీద విశ్వవిద్యాలయంలో చేరాడు. గణితం ప్రధానం, పక్కన ఖగోళం, భౌతికం, రసాయనం. 1901లో ఎం.ఏ. చేతికొచ్చింది.

ఆ తర్వాత ఏడేళ్లు ఆయన వేర్వేరు బళ్లల్లో లెక్కల మాస్టారు. బాగా చెప్పేవాడనే పేరుంది. మనసు మాత్రం పరిశోధన మీద. 1904లో విశ్వవిద్యాలయం పెట్టిన బహుమతి పోటీకి హైగెన్స్ గణితం మీద ఒక వ్యాసం పంపి గుర్తింపు తెచ్చుకున్నాడు. డానిష్ గణిత సంఘం సమావేశాలకు తప్పకుండా వెళ్లేవాడు. మాట్లాడటానికి కాదు, వినటానికి. ఒక మూల కూర్చుని అందరినీ గమనించడం ఆయనకు ఇష్టం. స్నేహితులు ఆయనకు ప్రైవేటు మనిషి అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

ఆ సంఘంలోనే ఆయన జీవితం మలుపు తిరిగింది. అక్కడికి యోహాన్ జెన్సెన్ వచ్చేవాడు. మెషీన్ లెర్నింగ్ చదివేవాళ్లకు జెన్సెన్ అసమానత తెలుసు కదా, ఆ జెన్సెనే. ఆయన ప్రొఫెసర్ కాదు, కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పెద్ద ఇంజినీరు. ఆఫీసు అయిపోయాక లెక్కలు చేసుకునే మనిషి. ఈ మూలన కూర్చునే మాస్టారిలో సరుకుందని కనిపెట్టి, తమ కంపెనీ డైరెక్టరు ఫ్రిట్స్ యోహాన్సెన్‌కు పరిచయం చేశాడు. ఫోన్ ఎంగేజ్ ఎందుకొస్తుంది, ఎంతసేపు ఆగాల్సొస్తుంది అన్న విషయం మీద యోహాన్సెన్ అప్పటికే బుర్ర పెట్టి ఉన్నాడు. 1908లో ఎర్లాంగ్‌ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. వయసు 30. అక్కడే చివరిదాకా.

అప్పటి టెలిఫోన్ ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోవాలి. ఫోనెత్తితే ఎక్స్ఛేంజిలో ఆపరేటరమ్మ పలికేది. ఎవరు కావాలో అడిగి, బోర్డు మీద తీగ గుచ్చి కలిపేది. రెండు ఊళ్ల మధ్య ఎన్ని రాగి తీగలుంటే ఒకేసారి అన్ని మాటలే. తీగలు ఎక్కువ వేస్తే కంపెనీకి ఖర్చు, తక్కువ వేస్తే జనానికి ఎంగేజ్. ఆపరేటర్లను ఎక్కువ పెడితే జీతాల భారం, తక్కువ పెడితే ఫోనెత్తినవాడు చెవికి పెట్టుకుని నిలబడాలి. ఎన్ని చాలు? అప్పటిదాకా అనుభవజ్ఞుల అంచనాయే గతి.

ఎర్లాంగ్ పెద్ద నగరం లెక్క కంటే ముందు చిన్న ఊరి లెక్క పట్టుకున్నాడు. ఒక పల్లెలో ఎక్స్ఛేంజి ఉంది, బయటి ఊళ్లకు పోయే లైన్లు కొన్నే ఉన్నాయి. బయటికి ఫోన్ చేయాలనుకున్నవాళ్లలో ఎంతమందికి లైను దొరకదు? 1909లో వచ్చిన మొదటి వ్యాసంలో ఆయన తేల్చిందేమిటంటే, జనం ఒకరితో ఒకరు సంబంధం లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు ఫోనెత్తుతారు కాబట్టి ఒక వ్యవధిలో వచ్చే కాల్స్ సంఖ్య పాయిసన్ పంపిణీ ప్రకారం నడుస్తుంది. ఏ ఒక్కరు ఎప్పుడు చేస్తారో చెప్పలేం, ఊరంతా కలిసి ఎంత చేస్తుందో మాత్రం చెప్పొచ్చు. 1917లో వచ్చిన రెండో పెద్ద వ్యాసంలో, లైన్లు అన్నీ నిండి కాల్ పోగొట్టుకునే అవకాశానికి సూత్రం ఇచ్చాడు. మనం ఎర్లాంగ్-బి అని చదివేది అదే.

సూత్రం పరీక్షలో రాసుకుందాం గానీ, అంకెలు చూస్తేనే మజా. ఒక ఊళ్లో గంటకు సగటున 20 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకోండి. అంటే 60 నిమిషాల మాట, ఒక ఎర్లాంగ్. గంటకు గంట సరిపోయింది కదా, ఒక్క లైను చాలు అనిపిస్తుంది. ఎర్లాంగ్ లెక్క ప్రకారం ఒక్క లైనే ఉంటే సగం కాల్స్ పోతాయి. రెండు లైన్లుంటే 5లో ఒకటి. మూడుంటే 16లో ఒకటి. నాలుగుంటే 65లో ఒకటి. ఐదుంటే 326లో ఒకటి. కాలిక్యులేటర్ తీసి చూసుకోండి. జనం ఒకరి తర్వాత ఒకరు వరుసలో రారు, గుంపుగా వస్తారు, తర్వాత కాసేపు ఎవరూ రారు. ఆ గుంపు కోసం లైన్లు ఖాళీగా పెట్టుకోవాల్సిందే.

ఇంకో తమాషా. ఐదు లైన్లున్న ఒక ఊరికి 3 ఎర్లాంగ్‌ల రద్దీ ఉంటే దాదాపు 11 శాతం కాల్స్ పోతాయి. ఇలాంటి రెండు ఊళ్లను, మాటవరసకు ఒకటి గద్వాల వైపు, ఒకటి వనపర్తి వైపు అనుకుందాం, కలిపి పది లైన్లూ ఉమ్మడిగా వాడుకోనిస్తే? రద్దీ కూడా రెట్టింపై 6 ఎర్లాంగ్‌లు అయింది. అయినా పోయే కాల్స్ 4 శాతం చిల్లరకు పడిపోతాయి. కొత్తగా ఒక్క తీగ కూడా వేయలేదు! ఒకరికి అవసరం లేనప్పుడు ఇంకొకరు వాడుకోవడమే. ఇంటర్నెట్ నడిచేది పూర్తిగా ఈ ఉమ్మడి తత్వం మీదే. అందరి ప్యాకెట్లూ ఒకే తీగలో పోతాయి.

ఇదంతా పాలమూరు జిల్లా మనిషికి అంకెల ఆట కాదు. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరే జిల్లాలు కాకముందు అన్నీ మహబూబ్‌నగరే. ఇక్కడి నుంచి ముంబై, పుణె, ఇంకా దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా రోడ్డేసినా అక్కడికి వలసపోయినవాళ్లున్న ఇళ్లు ఎన్నో. 90ల్లో ఆ ఇళ్లకు ఎస్టీడీ బూతే దిక్కు. రాత్రి పొద్దుపోయే కొద్దీ చార్జీ తగ్గేది, పదకొండు దాటితే నాలుగో వంతే. అందుకని అందరూ అప్పుడే వచ్చేవాళ్లు. అవతల సైటు దగ్గర ఒక బూతు ముందు గుంపు, ఇవతల ఊళ్లో ఒక్క ఫోను ముందు పిలిపించుకుని కూర్చున్న ఇంటివాళ్లు. లైను కలవకపోతే ఆ వారానికి అంతే. ఎంగేజ్ టోన్ అంటే మనకు ఒక శబ్దం, వాళ్లకు పైసలు అందాయో లేదో, పిల్లకు జ్వరం తగ్గిందో లేదో తెలియకుండా ఇంకో వారం గడపడం. ఎర్లాంగ్ సూత్రంలో పోయిన కాల్ అనే పదం ఉంటుంది చూడండి, దాని అర్థం ఇది. చార్జీ తగ్గించి రద్దీని అర్ధరాత్రికి నెట్టడం కంపెనీ వైపు నుంచి సరైన లెక్కే. పేదవాళ్లందరినీ ఒకే గంటలోకి తోసింది కూడా ఆ లెక్కే అని నాకనిపిస్తుంది.

ఎర్లాంగ్ మాత్రం ఆఫీసు గదిలో కూర్చుని అంకెలు చేసుకున్నవాడు కాదు. కంపెనీలో ఆయన కింద ఒక ప్రయోగశాల పెట్టారు గానీ, మొదట్లో దాంట్లో పనిచేసేవాళ్లే లేరు. భూమి కింది కేబుళ్ల దగ్గర దారితప్పి పారే విద్యుత్తును కొలవాల్సి వస్తే, తనే కోపెన్‌హేగన్ వీధుల్లోకి పోయి మ్యాన్‌హోళ్లలోకి దిగేవాడు. వెనకాల నిచ్చెన మోస్తూ ఒక పనివాడు. ఒకవైపు సంభావ్యతా సిద్ధాంతం, ఇంకోవైపు బురద గుంట. ఒకే మనిషి రెండూ చేయడం చూస్తే ముచ్చటేస్తుంది. మనలో కోడింగ్ వాళ్లు కేబుల్ ముట్టరు, కేబుల్ వాళ్లు కోడింగ్ ముట్టరు.

జీతంలో పెద్ద భాగం పుస్తకాలకే పోయేది. గణితం, ఖగోళం, భౌతికశాస్త్రాల మీద మంచి గ్రంథాలయం పోగుచేసుకున్నాడు. వేసవి సెలవులు వస్తే ఫ్రాన్స్, జర్మనీ, స్వీడన్, ఇంగ్లండ్ తిరిగేవాడు, చూసేవి చిత్రశాలలు, గ్రంథాలయాలు. చేయిచాచి వచ్చినవాళ్లకు, నలుగురికీ తెలియకుండా, ఉన్నంతలో ఇచ్చి పంపేవాడు. అలాంటివాళ్లు నేరుగా ల్యాబ్‌కే వచ్చేవాళ్లట.

ఆయన రాసిన తీరు కూడా మనిషిలాగే. క్లుప్తం. కొన్నిచోట్ల నిరూపణ ఇవ్వకుండా ఫలితం మాత్రం రాసి వదిలేశాడు. రెండు ముఖ్యమైన వ్యాసాలూ మొదట డానిష్‌లోనే వచ్చాయి. డానిష్ మాట్లాడేవాళ్లు అప్పుడు మన తెలుగువాళ్లలో ఒక మూలకు కూడా సరిపోరు. అయినా తన దేశపు గణిత పత్రికకు, తన ఊరి ఇంజినీర్లకు తన భాషలోనే రాశాడు. 1917 వ్యాసం ఆ మరుసటి ఏడాదే బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజినీర్ల పత్రికలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది, వాళ్ల టెలిఫోన్ శాఖ ఆ సూత్రాన్ని వాడుకుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఒక పరిశోధకుడు ఎర్లాంగ్ వ్యాసాలను మూలంలో చదవటానికి డానిష్ నేర్చుకున్నాడని చెప్తారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1926లో, మన నడిగడ్డ ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి ఉర్దూ రాజ్యమేలుతున్న హైదరాబాదులో తెలుగులో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఇంజినీరింగ్ సంగతి తెలుగులో ఎలా రాస్తావని ఎవరైనా నవ్వినప్పుడు నాకు ఇద్దరూ గుర్తొస్తారు.

ఇక మాట తెగే సంగతికి వద్దాం. పాత ఫోన్లో లైను దొరికితే అది మాట అయ్యేదాకా నీదే. ఇంటర్నెట్ ఫోన్లో అలా కాదు, లైను ఎప్పుడూ దొరుకుతుంది, కానీ ప్రతి ముక్కా మళ్లీ వరుసలో నిలబడాలి. అందుకని ఇక్కడ పనికొచ్చేది ఎర్లాంగ్ లెక్కలో రెండో సగం, నిరీక్షణ లెక్క. ఆయన దీన్ని ఆపరేటర్ కోసం చేశాడు. కాల్స్ ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి, ఒక్కోటి కలపడానికి ఇంతని ఖాయంగా సమయం పడుతుంది, ఫోనెత్తినవాడు సగటున ఎంతసేపు ఆగాలి? మన క్యూయింగ్ థియరీ పుస్తకంలో దీన్నే ఎం/డి/1 అంటారు. ఆ పేరు పెట్టే పద్ధతి కెండాల్‌ది, 1953 నాటిది. లెక్క 1909 నాటిది.

ఆపరేటర్ బదులు ఊళ్లో పిండి గిర్ని అనుకోండి, సులువుగా ఉంటుంది. ఒక డబ్బా జొన్నలు పట్టడానికి 5 నిమిషాలు. గిర్ని సగం సమయం ఖాళీగా ఉండేంత గిరాకీ ఉంటే, వచ్చిన మనిషి సగటున రెండున్నర నిమిషాలు ఆగుతాడు. గిరాకీ 80 శాతానికి పెరిగితే 10 నిమిషాలు. 90 శాతానికి 22 నిమిషాల పైన. 95 శాతానికి 47 నిమిషాల పైన. గిర్ని స్పీడు మారలేదు, గిరాకీ 80 నుంచి 95కే పోయింది, ఆగే సమయం మాత్రం ఐదు రెట్లకు దగ్గరైంది. ఇంకా 5 శాతం ఖాళీ ఉంది కదా అని ఓనరు అనుకుంటాడు, వరుసలో ఉన్నవాడికి తెలుసు కథేంటో.

ఇంట్లో రౌటర్ కూడా గిర్నియే. మాట్లాడేటప్పుడు గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి ప్యాకెట్లలో పంపుతారు, అంటే సెకనుకు 50. పాత పద్ధతి జి.711 కోడెక్ అయితే ఒక్కో దాంట్లో 160 బైట్ల గొంతు, 40 బైట్ల చిరునామాలు వగైరా. మొత్తం సెకనుకు 80 కిలోబిట్లు. వంద ఎంబీపీఎస్ ముందు ఇది ఆవగింజ. కాబట్టి స్పీడు సమస్య కాదు. ఈ ఆవగింజ ఎవరి వెనక నిలబడిందన్నదే సమస్య. తమ్ముడు పెళ్లి వీడియో అప్‌లోడ్ చేస్తున్నాడనుకోండి, 1500 బైట్ల బస్తాలు వరుసగా ముందు నిలబడతాయి. 512 కేబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న పాత కనెక్షన్‌లో ఒక్క బస్తా దాటడానికి 23 మిల్లీసెకన్లు. ఇరవై బస్తాలుంటే దాదాపు అర సెకను. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే సంభాషణ సాఫీగా ఉంటుందని అంతర్జాతీయ టెలికం సంఘం సూచన. అది దాటాక ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగడం మొదలవుతుంది.

ఫైబర్ వచ్చిన ఇంట్లో ఈ వరుస తీగ దగ్గర కాకుండా ఎక్కువగా వైఫై దగ్గర కడుతుంది. ఒక చానల్‌లో ఒకసారి ఒక్క పరికరమే మాట్లాడగలదు, మిగతావి ఆగాలి. పక్కింటి వైఫై అదే చానల్ మీద ఉంటే వాళ్ల వీడియో కూడా మన వరుసలో నిలబడ్డట్టే. అందుకే ఇంట్లో ఇంటర్నెట్ ఫోన్ పెట్టేటప్పుడు నేను మనవాళ్లకు చెప్పేది ఇది: ఫోను వైఫై మీద కంటే తీగ మీద ఉంటే మేలు. ప్రొవైడర్ ల్యాండ్‌లైన్ నంబరు కూడా ఇచ్చి ఉంటే ఫైబర్ మోడెమ్ వెనక ఫోన్ అని రాసున్న రంధ్రంలో మామూలు ఫోన్ పెట్టుకుంటే సరి. లేకపోతే అడాప్టర్ అనే చిన్న డబ్బా కొని, ప్రొవైడర్ ఇచ్చిన సర్వర్ పేరు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దాంట్లో వేయాలి. అది సర్వర్‌కు తన హాజరు వేయించుకుంటే ఫోను మోగుతుంది. రింగై, ఎత్తాక ఒకవైపే వినబడితే చాలాసార్లు దోషం రౌటర్‌లోని సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్‌ది, దాన్ని ఆపేసి చూడండి. రౌటర్‌లో క్యూఓఎస్ ఉంటే గొంతు ప్యాకెట్లకు వేరే వరుస పెట్టొచ్చు. గిర్ని దగ్గర పసిపిల్ల తల్లిని ముందు పంపడం లాంటిది. అప్‌లోడ్‌ను లైను సామర్థ్యంలో 90 శాతం దగ్గర కట్టేస్తే బస్తాలు అవతలివాళ్ల మోడెమ్‌లో పేరుకోకుండా మన చేతిలోనే ఉంటాయి. స్పీడ్ టెస్ట్‌లో అంకె కాస్త తగ్గుతుంది, మాట బాగుపడుతుంది. ఇంట్లోవాళ్లను ఒప్పించడమే అన్నిటికంటే కష్టం.

మామూలు నంబర్లకు ఇంటర్నెట్ మీద కాల్ చేయాలంటే లైసెన్సున్న కంపెనీ ద్వారానే. మన దేశంలో 2018 జూన్‌లో దీనికి దారి సుగమమైంది, ఆ జులైలోనే బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ లేకుండా నడిచే వింగ్స్ సేవను ప్రకటించింది. ఇంకొక్కటి. పాత ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే, 48 వోల్టులు, ఆ తీగలోనే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను పలికేది. ఫైబర్ తీగలో వచ్చేది వెలుతురు, కరెంటు కాదు. మోడెమ్‌కు, రౌటర్‌కు, అడాప్టర్‌కు బ్యాటరీ బ్యాకప్ లేకపోతే గాలివాన రాత్రి, సరిగ్గా అవసరమైనప్పుడే, ఫోను మూగబోతుంది. ముసలివాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లల్లో ముందు కొనాల్సింది కొత్త రౌటర్ కాదు, ఈ బ్యాకప్.

ఎర్లాంగ్ ఇవేవీ చూడలేదు. కంపెనీలో పనిచేసిన ఇరవై ఏళ్లలో ఆరోగ్యం బాలేదని ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదంటారు. 1929 జనవరిలో పొట్ట ఆపరేషన్‌కు ఆసుపత్రిలో చేరాడు. ఫిబ్రవరి 3, ఆదివారం నాడు అక్కడే పోయాడు. 51 ఏళ్లు. పెళ్లాం పిల్లలు లేరు. ఆయన జీవితాన్నీ వ్యాసాలన్నిటినీ ఒకచోట చేర్చిన పుస్తకం కోపెన్‌హేగన్‌లో 1948లో గానీ రాలేదు. దానికి రెండేళ్ల ముందు, 1946లో, అంతర్జాతీయ టెలిఫోన్ సంఘం రద్దీ కొలమానానికి ఆయన పేరు పెట్టింది. మన రెండు మార్కుల ప్రశ్న అలా పుట్టింది.

ఆ పేరు ఇంకోచోట కూడా బతికింది. 1986లో స్వీడన్‌లో ఎరిక్‌సన్ కంపెనీ ల్యాబ్‌లో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఇంకొందరు కలిసి టెలిఫోన్ ఎక్స్ఛేంజిల కోసం ఒక ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టారు. లక్షల కాల్స్ ఒకేసారి నడవాలి, ఒకటి చెడితే పక్కది చెడకూడదు, ఎక్స్ఛేంజిని ఆపకుండానే కోడ్ మార్చాలి. ఆ భాషకు ఎర్లాంగ్ అని పేరు పెట్టారు. ఎరిక్‌సన్ లాంగ్వేజ్ అని కూడా కలిసొస్తుంది, అది వాళ్ల చమత్కారం. 1998లో దాన్ని అందరికీ ఉచితంగా వదిలారు. 2009లో మొదలైన వాట్సాప్ తన సర్వర్లను ఆ భాషలోనే రాసుకుంది, 2012 నాటికి ఒక్క సర్వర్ మీద ఇరవై లక్షల కనెక్షన్లు నిలబెట్టగలిగింది. కాల్స్ సౌకర్యం 2015లో వచ్చింది. ఇప్పుడు పుణెలో సైటు మీదున్న మేస్త్రీ రాత్రి తిన్నాక గద్వాల దగ్గర ఊళ్లో ఉన్న ఇంటికి వాట్సాప్ కాల్ చేస్తే, పదకొండు దాటేదాకా ఆగాల్సిన పనిలేదు, బూతు ముందు గుంపూ లేదు. ఇంట్లో ఎవరూ వీడియో అప్‌లోడ్ పెట్టకపోతే మాట కూడా తెగదు.